సూరత్ హుండీ నుంచి స్పామ్ పెట్టె దాకా: అనుమతి ఎవరు ఇవ్వాలి?

సూరత్ రింగ్ రోడ్డు బట్టల బజారు నుంచి తెలుగు జిల్లాలకు బేళ్ళు కదలని రోజు ఉండదు. విజయవాడ వస్త్రలతలోనూ, హైదరాబాద్ మదీనా చుట్టుపక్కల టోకు దుకాణాల్లోనూ విప్పే చీరల కట్టల్లో చాలావాటి పుట్టిల్లు ఆ ఊరే. నేసే చేతుల్లోనూ తెలుగు చేతులున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది.

ఒకప్పుడు ఈ వ్యాపారానికి వారధి దళారి. నమూనా పుస్తకం సంచిలో వేసుకుని రైలెక్కి, దుకాణం దుకాణానికీ తిరిగి ఆర్డర్లు రాసుకునేవాడు. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం ఫోనుకూ ఈమెయిలుకూ మారింది. పండుగ సీజన్‌కు ముందు కొత్త డిజైన్ల బొమ్మలు, ధరల పట్టీలు వేల చిరునామాలకు ఒక్క మీటతో వెళ్ళిపోతాయి. వాటిలో కొన్ని కొనుగోలుదారు కళ్ళబడతాయి. కొన్ని ఎవరూ తెరవని స్పామ్ పెట్టెలో పడి, కొన్నాళ్ళకు వాటంతట అవే చెరిగిపోతాయి.

ఏ ఉత్తరం చేరాలి, ఏది చేరకూడదు అన్న తీర్పు పంపినవాడిది కాదు. చాలాసార్లు అందుకునేవాడిదీ కాదు. ఈ దేశపు చట్టసభది అసలే కాదు. ఆ తీర్పు అమెరికాలోని రెండు మూడు కంపెనీల చేతికి వెళ్ళింది. ఎలా వెళ్ళిందన్నది సాంకేతిక చరిత్రలా కనిపించే రాజకీయ చరిత్ర. దాన్ని చెప్పుకోవడానికి సూరత్ కంటే తగిన ఊరు లేదు.

ముద్ర చూసి నమ్మిన కాలం

ఇంగ్లిష్ ఈస్ట్ ఇండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లో అడుగుపెట్టింది. జహంగీర్ ఫర్మానాతో సూరత్‌లో కొఠీ నెలకొల్పింది 1613లో. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మధ్య ఉత్తరాలను కాసిదులనే కాలినడక వార్తాహరులు మోసేవారు. సొమ్ము మాత్రం అలా నడవలేదు. దారిదోపిడీల దేశంలో వెండిని మూటగట్టి పంపేకంటే కాగితం పంపడమే క్షేమం. ఆ కాగితమే హుండీ. సూరత్ షరాఫులు రాసిన హుండీకి దూరపు నగరాల్లో సొమ్ము దొరికేది. కంపెనీకే అప్పులిచ్చిన వీర్జీ వోరా వంటి వర్తకుల పలుకుబడి ఈ కాగితాల మీదే నిలబడింది.

హుండీ అందుకున్నవాడి ముందు రెండు ప్రశ్నలుండేవి. ఇది నిజంగా ఆ పేఢీ నుంచే వచ్చిందా? తెచ్చినవాడు నమ్మదగినవాడేనా? మొదటి ప్రశ్నకు జవాబు చేతిరాతలో, గుర్తులో, ముందుగా విడిగా వచ్చే సమాచార లేఖలో ఉండేది. రెండో ప్రశ్నకు జవాబు బజారు చెప్పేది. షాజోగ్ హుండీ అనే రకాన్ని బజారులో పేరున్న వర్తకుడికి మాత్రమే చెల్లించాలి. అనామకుడు తెస్తే, పెద్దమనిషి ఎవరైనా అతని వెనుక నిలవాల్సిందే. హుండీ దారిలో పోతే దానికి నకలుగా పేఠ్, అదీ పోతే పర్‌పేఠ్ రాసిచ్చే ఆచారం కూడా ఉండేది.

ఈ ఏర్పాటును ఏ చక్రవర్తీ రాయలేదు. వర్తకులు తమకు తాము రాసుకున్న కట్టుబాటు అది. తప్పినవాడికి జైలు ఉండనక్కరలేదు, బజారులో మాట పోతే చాలు. బ్రిటిష్ పాలకులు 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం తెచ్చినప్పుడు కూడా దేశభాషల్లో రాసిన పత్రాల విషయంలో స్థానిక ఆచారాన్ని కదపలేదు. ఉత్తరం నిజమైనదా కాదా అని తేల్చే అధికారం, ఆ ఉత్తరంతో లాభమో నష్టమో పొందే సమాజం చేతిలోనే ఉండేదన్నమాట. ఆ కట్టుబాటులో అసమానతలు లేకపోలేదు. పెద్ద పేఢీ మాటకున్న విలువ చిన్నవాడి మాటకు ఉండేది కాదు. అయినా తీర్పు చెప్పేవాడు ఎవరో అందరికీ తెలుసు. వెళ్ళి అడగడానికి ఒక గుమ్మం ఉండేది.

ఉచితంగా పంపగలిగిన రోజు

ఈమెయిల్ ఆ గుమ్మాన్ని తీసేసింది. ఉత్తరం పంపడానికి ఖర్చు దాదాపు సున్నా అయింది. పంపేవాడి పేరు చోట ఎవరి పేరైనా రాసుకోవచ్చు. తొలినాటి ఇంటర్నెట్ ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల లోకం కాబట్టి, అబద్ధపు పేరుతో ఉత్తరం వస్తుందని దాని రూపకర్తలు లెక్కలోకి తీసుకోలేదు.

1978 మే 3న గ్యారీ థర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తన కంపెనీ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ అర్పానెట్‌లోని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. వ్యాపారం కోసం అడగకుండా పంపిన తొలి మూకుమ్మడి ఈమెయిల్‌గా అది చరిత్రకెక్కింది. తిట్లు తిన్నాడు, సరుకూ అమ్ముకున్నాడు. ఆ తర్వాత నడిచినదంతా ఈ రెండు వాస్తవాల మధ్య నలుగుతూ నడిచినదే. 1994 ఏప్రిల్‌లో అమెరికాలో ఇద్దరు న్యాయవాదులు గ్రీన్ కార్డు లాటరీ ప్రకటనతో యూజ్‌నెట్ చర్చా వేదికలను ముంచెత్తడంతో ‘స్పామ్’ అనే మాట జనం నోట పడింది.

ప్రజాస్వామ్య దేశాలు ఈ ప్రశ్నను చట్టసభలకు తీసుకువెళ్ళాయి, రెండు రకాల జవాబులు చెప్పాయి. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశంలో ముందస్తు అనుమతి లేనిదే వ్యాపార ఈమెయిల్ పంపరాదంది. ఇప్పటికే కొన్న ఖాతాదారుకు అదే తరహా సరుకు గురించి చెప్పవచ్చని, ప్రతిసారీ ‘వద్దు’ అనే వీలుండాలని ఒక మినహాయింపు ఇచ్చింది. అమెరికా 2003లో క్యాన్‌స్పామ్ చట్టం చేసి దీనికి తిరగబడిన దారి పట్టింది. ముందు పంపవచ్చు. అయితే పంపినవాడి నిజమైన పేరూ తపాలా చిరునామా ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లో జాబితా నుంచి తీసెయ్యాలి. ఒకచోట మౌనం నిరాకరణ, మరొకచోట మౌనం అంగీకారం. రెండింటిలో ఏది మెరుగన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ ఆ వాదన జరిగింది. ప్రజాప్రతినిధుల ఎదుట, బహిరంగంగా జరిగింది.

ఢిల్లీ చేసింది, చేయనిది

భారత ప్రజలకు వీఎస్ఎన్ఎల్ ద్వారా ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. అయిదేళ్ళకు వచ్చిన సమాచార సాంకేతిక చట్టం–2000లో అయాచిత వ్యాపార ఈమెయిల్‌పై ఒక్క నిబంధన లేదు. జనం గగ్గోలు పెట్టింది ఫోను మీద. భోజనవేళ మోగే రుణాల కాల్స్‌పై వెల్లువెత్తిన ఫిర్యాదులతో 2007లో ట్రాయ్ నిబంధనలు తెచ్చింది, ‘కాల్ చేయవద్దు’ అన్నవారి జాతీయ జాబితా తెరిచింది. 2010లో వాటిని మార్చింది. 2018లో మళ్ళీ తిరగరాసింది. వ్యాపార ఎస్ఎంఎస్ పంపే ప్రతి సంస్థా తన పేరునూ, సందేశపు నమూనానూ టెలికాం కంపెనీల బ్లాక్‌చెయిన్ వేదికలో ముందే నమోదు చేసుకోవాలంది. 2021 మార్చి 8న ఆ తనిఖీని కచ్చితంగా అమలు చేయబోతే బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయాయి. దాంతో వారం పాటు దాన్ని నిలిపివేయాల్సి వచ్చింది.

ఫోను చట్టంలో లోపాలెన్ని ఉన్నా, దానికో నియంత్రణ సంస్థ ఉంది, ఫిర్యాదు చేయడానికి 1909 అనే నంబరుంది. ట్రాయ్ పరిధి టెలికాం వరకే. ఈమెయిల్ అందులోకి రాదు.

ఈమెయిల్‌ను పేరుపెట్టి ప్రస్తావించిన నేర నిబంధన ఒకటి మాత్రం వచ్చింది. 2008 డిసెంబర్‌లో, ముంబై దాడులు జరిగిన నెలలోపే, సమాచార సాంకేతిక చట్ట సవరణ బిల్లు గందరగోళం మధ్య చర్చ లేకుండా పార్లమెంటు దాటింది. అందులోదే సెక్షన్ 66ఏ. దాని మూడో ఉపనిబంధన ప్రకారం, చికాకు లేదా అసౌకర్యం కలిగించడానికి గానీ, సందేశం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా మోసగించడానికి గానీ ఈమెయిల్ పంపితే మూడేళ్ళ వరకు జైలు. స్పామ్ అనే మాట లేకపోయినా, దొంగపేరుతో వచ్చే ఉత్తరాన్ని పట్టుకోవడానికి దేశ చట్టంలో అదొక ఆధారం. షరాఫు హుండీని తిప్పి చూసి వేసిన మొదటి ప్రశ్న, ‘ఇది ఎవరు పంపారు?’ అన్నది, అలా ఈమెయిల్ విషయంలో చట్టం భాషలోకి ఎక్కింది.

పక్కనే ఉన్న మాటలు దాన్ని మింగేశాయి. ‘చికాకు’, ‘అసౌకర్యం’, ‘తీవ్రంగా నొప్పించేది’. ఎవరి చికాకు? ఎంత అసౌకర్యం? చట్టం చెప్పలేదు. పోలీసులు చెప్పుకున్నారు.

చీరాల నుంచి సుప్రీంకోర్టు దాకా

2009 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన 66ఏ దేశానికి గుర్తుండిపోయింది స్పామ్ పంపినవారి అరెస్టులతో కాదు. 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో ముఖ్యమంత్రిపై వ్యంగ్యచిత్రం పంచుకున్న ఆచార్యుడిని పట్టుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో బాల్ ఠాక్రే మరణానంతర బంద్‌ను ప్రశ్నించిన యువతినీ, ఆ వ్యాఖ్యకు ‘లైక్’ కొట్టిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2013 మేలో ఈ సెక్షన్ తెలుగునాట కూడా తలుపు తట్టింది. నాటి చీరాల శాసనసభ్యుడిపైనా, తమిళనాడు గవర్నర్‌పైనా ఫేస్‌బుక్‌లో రాసినందుకు పౌరహక్కుల ప్రజాసంఘం రాష్ట్ర అధ్యక్షురాలు జయ వింధ్యాలను అరెస్టు చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఉన్నతాధికారుల అనుమతి లేనిదే ఇలాంటి అరెస్టులు చేయరాదన్న కేంద్రం సూచనను పాటించాలని కోర్టు అదే నెలలో రాష్ట్రాలను ఆదేశించింది.

సూరత్ బట్టల వ్యాపారంలాగే చీరాలదీ నూలు చుట్టూ అల్లుకున్న జీవితమే. అక్కడి బట్టల కొట్టుకు దొంగ చిరునామాతో వచ్చి పడే వ్యాపార ఉత్తరాల మీద ప్రయోగించగల నిబంధన, అక్కడి రాజకీయ విమర్శ మీద ప్రయోగమైంది. ఇది ఒక పోలీసు స్టేషన్ పొరపాటు కాదు. మోసగాడిని పట్టడానికి చేసిన చట్టంలో ‘చికాకు’ అనే మాట చేర్చిన రోజే దాని దారి తేలిపోయింది. మోసగాడు ఎక్కడో కనిపించని సర్వర్ వెనుక ఉంటాడు. విమర్శకుడు మాత్రం తన పేరుతో, తన ఊళ్ళో దొరుకుతాడు.

2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం శ్రేయా సింఘాల్ కేసులో 66ఏను పూర్తిగా కొట్టివేసింది. వాక్‌స్వాతంత్ర్య చరిత్రలో అది గర్వించదగ్గ తీర్పు. చట్టం చచ్చినా కేసులు ఆగలేదని తెలిసి 2021లో సుప్రీంకోర్టు నివ్వెరపోవడం, ఇక ఎవరినీ దీని కింద విచారించరాదని 2022 అక్టోబర్‌లో మళ్ళీ ఆదేశించాల్సి రావడం వేరే కథ. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. సెక్షన్‌తో పాటు ఈమెయిల్ మోసపు ఉపనిబంధన కూడా పోయింది. దాని స్థానంలో, అస్పష్టమైన మాటలు లేకుండా, పంపేవాడి బాధ్యతను మాత్రమే చెప్పే చట్టం రాయడానికి పార్లమెంటుకు అవకాశం వచ్చింది. ఏ ప్రభుత్వమూ దాన్ని వాడుకోలేదు.

ఖాళీ కుర్చీలో కూర్చున్నవారు

కాకతాళీయంగా అదే నెలలో, 2015 మార్చిలో, ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో డీమార్క్ అనే విధానం అచ్చయింది. అంతకు ముందే ఎస్పీఎఫ్, డీకిమ్ అనే రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఈ మూడింటినీ సూరత్ షరాఫుకు వివరించాల్సి వస్తే పది నిమిషాలు చాలు. తన ఉత్తరాలు ఏ వార్తాహరుల చేత వస్తాయో పేఢీ ముందే ప్రకటించడం ఎస్పీఎఫ్. ప్రతి ఉత్తరం మీద ఇతరులు వేయలేని ముద్ర వేయడం డీకిమ్. వార్తాహరుడూ ముద్రా సరిపోలకపోతే ఆ ఉత్తరాన్ని చించెయ్యాలా, పక్కన పెట్టాలా అన్నది పేఢీయే చెప్పి ఉంచడం డీమార్క్.

2023 అక్టోబర్‌లో గూగుల్, యాహూ ఒకేసారి ప్రకటించాయి. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు జీమెయిల్ ఖాతాలకు పంపే ఎవరైనా ఈ మూడింటినీ పాటించాలి. వ్యాపార ఉత్తరాల్లో ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలుండాలి. ‘ఇది స్పామ్’ అనే ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉండాలి, 0.3 శాతానికి ఎన్నడూ చేరకూడదు. అంటే చేరిన వెయ్యి ఉత్తరాల్లో ముగ్గురు విసుగుతో మీట నొక్కితే ఆ వ్యాపారి గీత దాటినట్టే. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా ఇదే బాట పట్టింది.

నిబంధనలు మంచివే. సూరత్ వ్యాపారికి అవి చెప్పే బుద్ధి పాత బజారు చెప్పిన బుద్ధే. చిరునామాల జాబితాను కొనవద్దు. కొన్న జాబితాలో ఎప్పుడో మూతపడిన చిరునామాలుంటాయి, స్పామ్ పంపేవారిని పట్టడానికే పెట్టిన ఉచ్చు చిరునామాలూ ఉంటాయి. ఒక్క ఉచ్చులో పడితే మొత్తం డొమైన్ మాట పోతుంది. ఉచిత ఈమెయిల్ ఖాతా నుంచి వేలకు వేలు పంపవద్దు, సొంత డొమైన్ పెట్టుకుని దానికి ముద్ర వేయించుకోవాలి. ఏడాదంతా మౌనంగా ఉండి దసరా వారంలో ఒక్కసారిగా గుప్పిస్తే యంత్రం అనుమానిస్తుంది. తెలిసిన కొద్దిమందితో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. ఆరునెలలుగా ఒక్క ఉత్తరమూ తెరవని వాడిని వదిలెయ్యాలి. వద్దన్నవాడిని ఆ క్షణమే తీసెయ్యాలి. అన్నిటికంటే ముందు, అడిగి పంపాలి. కొట్టుకొచ్చి బిల్లు రాయించుకున్నవాడిని ‘కొత్త సరుకు వస్తే కబురు పెట్టమంటారా?’ అని అడగడానికి సర్వర్ అక్కర్లేదు.

అయితే నిబంధన మంచిదైనంత మాత్రాన దాన్ని చేసే అధికారం న్యాయమైపోదు. వరంగల్ దుకాణదారు ఎదురుచూస్తున్న ధరల పట్టీని యంత్రం పొరపాటున స్పామ్‌లో వేస్తే, నష్టపోయిన చిన్న వ్యాపారి ఎవరిని అడగాలి? ట్రాయ్ లేదు, 1909 లేదు, షరాఫు గుమ్మమూ లేదు. సాంకేతిక సిబ్బందిని పెట్టుకోగల పెద్ద సంస్థ గట్టెక్కుతుంది, నాలుగు మగ్గాల వాడు మునుగుతాడు. ఈ అసహాయత బలవంతులకూ తప్పలేదు. తమ విరాళాల ఉత్తరాలను జీమెయిల్ స్పామ్‌లో వేస్తోందని అమెరికా రిపబ్లికన్ జాతీయ కమిటీ 2022లో గూగుల్‌పై కోర్టుకెక్కింది. 2023 ఆగస్టులో ఆ దావాను కోర్టు కొట్టివేసింది. అధ్యక్షులను గెలిపించే పార్టీకే ఆ గుమ్మం తెరుచుకోకపోతే, లింబాయత్ మగ్గం యజమానికి ఎవరు తెరుస్తారు?

రసీదు కోసం ఇచ్చిన నంబరు

ఢిల్లీ మళ్ళీ ఈ దారిలోకి వచ్చింది 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంతో. అందులో ఒక ఉదాహరణ ఉంది. మందుల షాపులో కొన్న వ్యక్తి రసీదు పంపమని తన వివరాలిస్తే, షాపు వాటిని రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఈ చిన్న ఉదాహరణలో పెద్ద సూత్రముంది. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే. రసీదుకిచ్చిన నంబరు పండుగ ఆఫర్లకు అనుమతిపత్రం కాదు. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఉల్లంఘిస్తే జరిమానాలు కోట్లలో ఉంటాయి. నిబంధనలు మాత్రం 2025 నవంబర్‌లో గానీ వెలువడలేదు. సమ్మతికి సంబంధించిన బాధ్యతలకు అక్కడి నుంచి మరో 18 నెలల గడువిచ్చారు.

ఇది స్పామ్ చట్టం కాదు, వ్యక్తుల సమాచారానికి రక్షణ చట్టం. మనిషి పేరు లేకుండా దుకాణం పేరుతో ఉన్న చిరునామాకు అది నేరుగా వర్తించదు. దొంగపేరుతో పంపిన ఉత్తరం సంగతి అందులో లేదు. పైగా, ప్రభుత్వ సంస్థలను పరిధి నుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రం తన వద్దే ఉంచుకుంది.

ఆ మినహాయింపు ఊరికే భయపడాల్సినది కాదనడానికి 2024 మార్చి సాక్ష్యం. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడిన రోజుల్లో, ‘వికసిత్ భారత్ సంపర్క్’ పేరిట ప్రధాని లేఖ కోట్లాది వాట్సాప్‌లకు చేరింది. విదేశాల్లోని విదేశీయులకూ అందింది. తమ నంబర్లు ఎక్కడివని జనం అడిగారు. ఎన్నికల సంఘం మార్చి 21న ఐటీ శాఖను వాటిని ఆపమని ఆదేశించింది. నియమావళికి ముందే పంపామని, కొన్ని ఆలస్యంగా చేరాయని శాఖ జవాబిచ్చింది. నంబర్ల ప్రశ్నకు అది జవాబు కాదు. చీరల వ్యాపారిని ‘ఎవరిని అడిగి పంపావు?’ అని నిలదీసే రాజ్యం అదే ప్రశ్నకు తాను బద్ధురాలు కానంటే, చట్టం చిన్నవాడి మీద మోపే మరో బరువుగా మాత్రమే మిగులుతుంది.

నాలుగు శతాబ్దాల ఈ కథలో ఉత్తరం రూపం మారింది, అది నిజమో కాదో తేల్చే ప్రశ్నలు మారలేదు. పంపింది ఎవరు? ఎవరి అనుమతితో? సూరత్ బజారు వీటికి జవాబులు తనలో తానే వెతుక్కుంది. పార్లమెంటు ఒకసారి ప్రయత్నించి, పౌరుల నోళ్ళు మూయడానికి ఆ అధికారాన్ని జారవిడిచింది. న్యాయస్థానం ఆ తప్పును దిద్దింది గానీ, కొత్త చట్టం రాయడం దాని పని కాదు. అది మళ్ళీ చట్టసభ పనే. పంపేవాడు తన పేరు దాచకూడదు, అందుకునేవాడు అడగనిదే పంపకూడదు, పొరపాటున ఆగిపోయిన ఉత్తరంపై అప్పీలుకు దేశంలోనే ఒక గుమ్మం ఉండాలి. వ్యాపారికీ, పార్టీకీ, ప్రభుత్వానికీ ఇవే మూడు నియమాలు. నాలుగు వాక్యాల్లో పట్టే ఈ చట్టంలో ‘చికాకు’ అనే మాటకు చోటు అవసరం లేదు.